ఒక్క దెబ్బ, తరవాత చప్పట్లు

ఆ కూజాల కార్ఖానాలో పొద్దున గంట మోగాక మొదట జరిగే పని మట్టి కలపడం కాదు, బట్టీ రాజెయ్యడం కాదు. పగలగొట్టడం. పనివాళ్ళందరూ పెరట్లో గుండ్రంగా నిలబడాలి. మధ్యలో మోకాలెత్తు రాతిదిమ్మె. మేనేజరు స్టీలు స్కేలు పట్టుకుని వస్తాడు. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఆయనకి ఏదో ఒకటి ఉండే ఉంటుంది గానీ అది ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆయన కొలబద్దే. వెనకాల మాత్రమేనండోయ్, ఎదురుగా సారే.

కొలబద్ద నిన్నటి కూజాల్లో శాంపిల్‌కి తేడా వచ్చినదాన్ని బయటికి లాగుతాడు. చేసినవాళ్ళే దాన్ని చంటిబిడ్డని ఎత్తుకున్నట్టు రెండు చేతులా తెచ్చి దిమ్మె మీద పెట్టాలి. తప్పేదో తమ నోటితోనే చెప్పాలి. "మెడ వంగింది సార్." "పిడి లావైంది సార్." అప్పుడు సుత్తి పడుతుంది. కూజా ఫెళ్ళున పగిలాక అందరూ చప్పట్లు కొట్టాలి. దాన్ని చేసిన మనిషి కూడా కొట్టాలి.

"ఇది శిక్ష కాదర్రా," అనేవాడు కొలబద్ద, నిజంగా ప్రేమగానే. "తప్పుని సాగనంపుతున్నాం. సాగనంపేటప్పుడు ఏడుపుమొహాలెందుకు? కొట్టండి చప్పట్లు!"

చెప్పొద్దూ, ఆ మాట ఆయన మనస్ఫూర్తిగా నమ్మాడు. దొంగ అయినా బాగుండేది. దొంగని ఎప్పుడో ఒకప్పుడు పట్టుకోవచ్చు. నమ్మినవాడితో ఎవరు వేగగలరు?

ఆ సుత్తి పట్టుకునే మనిషిదే ఈ కథ. అందరూ సుత్తిబాబాయ్ అనేవారు. సుత్తి అన్నారు కదా అని వాగుడుకాయ అనుకునేరు, నోట్లో నాలుక లేని మనిషి. ఒకప్పుడు ఆయనా చక్రం ముందు కూర్చుని కూజాలు చేసినవాడే. పెళ్ళయిన కొత్తలో ఏదో సరదా పుట్టి, నడుం కాస్త పక్కకి ఒదిగిన కూజా ఒకటి చేశాడు. అది దిమ్మె మీదికి వెళ్ళింది. అప్పట్లో సుత్తి ఒక ముసలాయన చేతిలో ఉండేది. ఆయనకి చూపు ఆనదు. దెబ్బ మీద దెబ్బ వేస్తేగానీ ఆ కూజా చావలేదు. ప్రతి దెబ్బా తన పక్కటెముకల మీద పడ్డట్టయింది. ఆ మర్నాటి నుంచి చక్రం ముందు కూర్చుంటే చాలు, వేళ్ళు వణికేవి.

ముసలాయన పోయాక, "సుత్తి నాకివ్వండి సార్," అని తనే వెళ్ళి అడిగాడు. అప్పటి నుంచి ఏ కూజానైనా ఒక్క దెబ్బకే పగలగొట్టేవాడు. రెండో దెబ్బ అక్కర్లేకుండా చెయ్యడమే తోటివాళ్ళకి తను చేసే ఉపకారం అనుకునేవాడు. ఉపకారమట! మెడ కోసేవాడు కత్తి బాగా నూరుకొచ్చాడని దణ్ణం పెట్టాలి కాబోలు.

ఆయనకి ఒక్కగానొక్క కూతురు. పాకే వయసు నుంచీ ఒంటికి మట్టి వదలదు గనక ఇంట్లోనూ వీధిలోనూ 'బంక' అనే పిలిచేవారు. కిటికీ గూట్లో, మంచం కింద, పొయ్యి వెనక, ఎక్కడ చూసినా దాని చేతి బొమ్మలే. ఆవలిస్తున్న గిన్నె, అలిగి అటు తిరిగిన చెంబు, ఒకదాని భుజం మీద ఒకటి తల వాల్చిన కప్పులు. "ఇల్లంతా బురద చేసి చచ్చావే, నీ మొగుడు పార పట్టుకుని రావాలి కాపరానికి," అని తల్లి విసుక్కునేది. ఇంటికి ఎవరైనా వస్తే మాత్రం మంచినీళ్ళకన్నా ముందు అవే చూపించేది.

అలాంటి పిల్లని ఆ కార్ఖానాకి తీసుకెళ్ళింది ఎవరనుకున్నారు? కన్నతండ్రే. చేతిలో పని ఉంది, పదికాలాలపాటు అన్నం పెడుతుందిలే అనుకున్నాడు. గేటు దగ్గర మాత్రం ఒక మాట చెప్పాడు.

"చూడు తల్లీ, శాంపిల్ ఎలా ఉంటే అలా చెయ్యి. నీ తెలివి ఇంటి దగ్గర పెట్టి రా."

"ఇంటి దగ్గర పెడితే అమ్మ ఊడ్చి పారేస్తుంది నాన్నా," అంది బంక నవ్వుతూ.

శాంపిల్ కూజా ఆఫీసు గుమ్మం పక్కన అద్దాల పెట్టెలో ఉంటుంది. మెడ నిటారుగా, పొట్ట గుండ్రంగా, ఎటు నుంచి చూసినా ఒకేలా ఉంటుంది. నీళ్ళు ఒంపితే మాత్రం సగం గ్లాసులోకి, సగం మెడ మీదుగా బల్ల మీదకి కారతాయి. అందరికీ తెలుసు, ఎవరూ అనరు. బంక వారం తిరక్కుండానే మెడని కొంచెం ముందుకి వంచి ఒక కూజా చేసింది. దాన్ని చూస్తే వెనక నుంచి ఎవరో పిలిస్తే తల తిప్పినట్టు ఉంది. మర్నాడు పొద్దున దిమ్మె దగ్గర అది కొలబద్ద చేతికి దొరికింది.

"నీళ్ళు కారవు సార్, చూడండి," అని బంక అందరి ముందూ ఒంపి చూపించింది. ఒక్క చుక్క బయటపడలేదు. పనివాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు.

"బాగుంది," అన్నాడు కొలబద్ద. "కానీ శాంపిల్‌లా లేదు. తప్పు చెప్పు."

"నీళ్ళు కారకపోవడం సార్."

ఎవరో కిసుక్కుమన్నారు. స్టీలు స్కేలు అంచుమీద తిరిగి బంక వేళ్ళ కణుపుల మీద ఠపీమని పడింది. ఆ పిల్ల పెదవి కొరుక్కుని, "మెడ వంగింది సార్," అంది.

సుత్తిబాబాయ్ సుత్తి ఎత్తాడు. నేను కొట్టనని అంటే ఏమవుతుందో అని ఒక్క క్షణం అనిపించింది. అంటే ఇంకెవడో వస్తాడు, ఆ ముసలాడిలా కుళ్ళబొడుస్తాడు, అంతేకదా అని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు. కొట్టాడు. కూజా పగిలి ఒక ముక్క ఎగిరి బంక కంటి కింద చెంపని చీరేసింది. నెత్తురు గడ్డం దాకా జారింది. అందరూ చప్పట్లు కొట్టారు. బంక కూడా కొట్టింది. ఆ చప్పట్లకి చేతులు కూడా ఎర్రబడ్డాయి.

ఆ సాయంత్రం ఇంట్లో తల్లి గరిటె తీసి మొగుడి మీదకి విసిరింది. అది చెవి పక్కన తగిలి బొప్పి కట్టింది.

"నీ చెయ్యి విరిగిపడ! కన్నకూతురి మొహం పగలగొట్టి అన్నానికొచ్చావా?"

"నేను కూజాని కొట్టానే."

"కూజాకీ తనకీ తేడా దానికి తెలుసటయ్యా? పుట్టినప్పటి నుంచీ చూస్తున్నావు కదా, తెలుసా దానికి?"

మూల కూర్చుని చెంప మీద దూది అద్దుకుంటున్న బంకే అంది, "పోనీలే అమ్మా. నాన్నయితే ఒక్క దెబ్బేగా." గరిటె దెబ్బకి కదలని మనిషి ఆ మాటకి కంచం ముందు నుంచి లేచిపోయాడు.

మర్నాడు కొలబద్దని బతిమాలి ఒక పద్ధతి తెచ్చాడు. ముక్కలు ఎగరకుండా కూజాని గోనెసంచిలో పెట్టి, మూతి కట్టి కొట్టడం. కొలబద్ద ఒప్పుకున్నాడు. చప్పుడు వినపడితే చాలన్నాడు.

బంక మాత్రం మొండిఘటం. వేళ్ళ కణుపులు వాచి ముద్దబంతుల్లా అయినా ఊరుకోలేదు. దెబ్బ తిన్నప్పుడల్లా ఇంకో కూజా, ఇంకో వంపు. ఒకనాడు దిమ్మె మీదకి వచ్చిన కూజాని సుత్తిబాబాయ్ వంగి చూశాడు. మెడ అదే, ఎవరో పిలిస్తే తిరిగినట్టు. పొట్టకి ఒక పక్క చిన్న నొక్కు. సంచిలో పెడదామని పట్టుకుంటే ఆయన అరచెయ్యి ఆ నొక్కులో సరిగ్గా ఒదిగిపోయింది. ఏళ్ళ తరబడి సుత్తి పట్టి చిటికెనవేలు వంకరపోయిన చెయ్యి అది. ఆ వంకరవేలికి కూడా అందులో చోటుంది. తలెత్తి చూశాడు. కూతురు ఆయన్నే చూస్తోంది, ఇప్పుడేం చేస్తావు నాన్నా అన్నట్టు.

ఆయన ఏం చేశాడంటే, సంచి మూతి కట్టి, దిమ్మె చాటున వంగినట్టు వంగి, బీటలువారిందని అంతకుముందే అక్కడ పడేసిన పాత కూజా ఉన్న ఇంకో సంచిని పైకి పెట్టాడు. ఒక్క దెబ్బ వేశాడు. చప్పట్లు మోగాయి. అసలుది సాయంత్రం షెడ్డులో, చిరిగిన గోనెల కుప్ప కింద దాచాడు.

కూతురికి చెబుదామనుకున్నాడు, నోటిదాకా వచ్చింది. చెబితే ఇంకా చేస్తుంది, ఇంకా తన్నులు తింటుంది అని భయపడి మింగేశాడు. అక్కడ బోల్తా పడ్డాడండీ. పిల్లకేం తెలుసు? నాన్న కోసం, నాన్న చేతి కొలతకి తను చేసినదాన్ని కూడా ఆయన రెప్ప వాల్చకుండా ఒక్క దెబ్బకి కొట్టాడనే అనుకుంది.

ఆ తరవాత బంక మళ్ళీ వంపు జోలికి పోలేదు. అచ్చు గుద్దినట్టు శాంపిల్ కూజాలే. కొలబద్ద పొంగిపోయి, "చూశారర్రా, ఎలా బాగుపడిందో!" అని అందరికీ చూపించేవాడు. ఇంట్లో బకెట్‌లో నానబెట్టిన మట్టి ఎండి నెర్రెలిచ్చింది. ఒక సెలవురోజు బంక గూట్లో బొమ్మలూ, మంచం కింద బొమ్మలూ అన్నీ పోగేసి, సంచిలో వేసి, పెరట్లో రోకలి పెట్టి బాదింది. ఆవలించే గిన్నె పోయింది. అలిగిన చెంబు పోయింది. తల్లి లబోదిబోమని అడ్డం పడితే ఆవిణ్ణి ఒక్క తోపు తోసింది. అన్నీ పొడి అయ్యాక నిలబడి చప్పట్లు కొట్టింది. గుమ్మంలో నిలబడి తండ్రి అంతా చూస్తూనే ఉన్నాడు. అప్పుడైనా షెడ్డులో సంగతి చెప్పొచ్చు కదా? రేపు చెబుదాంలే అనుకున్నాడు. పిరికివాడికి రేపులు ఎన్నైనా దొరుకుతాయి.

ఇలా ఉండగా ఒక పొద్దున యజమాని ఊడిపడ్డాడు. గంట మోగక ముందే పెరట్లో రంకెలు మొదలయ్యాయి.

"కొన్నవాడింట్లో ఇదే కూజా, వాడి పక్కింట్లో ఇదే కూజా! గోదాములో కాలు పెట్టే సందు లేదు. కొత్తది కావాలయ్యా! ఇంతమందిలో ఒక్కడి బుర్రలోనూ గుజ్జు లేదా?" అంటూ చేతిలో కూజాని కొలబద్ద మొహాన కొట్టాడు. అది నుదుటి మీద పగిలింది. కనుబొమ చిట్లి నెత్తురు కంట్లోకి కారుతుంటే కొలబద్ద చేతిరుమాలు అడ్డుపెట్టుకుని, "అలాగే సార్," అన్నాడు. పాపం, అలవాటు చొప్పున చప్పట్లు కొట్టబోయిన ఒకాయన్ని పక్కవాడు చెయ్యి పట్టి ఆపాడు.

కొలబద్ద వారం గడువిచ్చాడు. తలా ఒక కొత్త కూజా తేవాలి. పాతలా ఉంటే వేళ్ళు ఉండవన్నాడు.

వారం తిరిగింది. అందరూ వరసగా నిలబడ్డారు. ఏం తెచ్చారనుకున్నారు? అందరూ అదే కూజా! ఒకడు దానికే ఇంకో పిడి అతికించాడు. ఒకావిడ దాన్నే తలకిందులుగా పట్టుకుంది. యజమాని కుర్చీలో కూర్చుని చూస్తున్నాడు. కట్టుకట్టిన నుదురుతో కొలబద్ద ఒక్కొక్కళ్ళ వేళ్ళ మీద స్కేలుతో బాదుకుంటూ వస్తున్నాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు కూడా తిరిగాయి.

"ఏవైందర్రా మీకు? కొత్తది చెయ్యమని నేనే చెబుతుంటే చెయ్యరేం?"

"చేస్తాం సార్," అన్నాడు వరసలో అందరికన్నా పెద్దాయన, చేతులు ముందుకి చాచి. "కొత్తదాని శాంపిల్ చూపిస్తే చేస్తాం."

బంక వంతు వచ్చింది. దాని చేతిలోనూ అదే కూజా. స్కేలు పైకి లేచింది.

"ఆగండి సార్!" అని అరిచాడు సుత్తిబాబాయ్. ఆ కార్ఖానాలో ఆయన గొంతు అంత పెద్దగా ఎవరూ వినలేదు. షెడ్డులోకి పరిగెత్తి, గోనెలు తవ్వి, దుమ్ముకొట్టుకుపోయిన కూజాని చొక్కాతో తుడుస్తూ తెచ్చాడు. "ఇది మా అమ్మాయి చేసిందే సార్. దాన్ని కొట్టకండి."

బంక దాన్ని చూసింది. "పగలగొట్టలేదా నాన్నా?" అంది. ఎన్నాళ్ళగానో రాయిలా ఉన్న మొహం ఒక్కసారి చిన్నప్పటి మొహం అయిపోయింది. ఆ క్షణం ఆయన బతుక్కి చాలు. కానీ ఆ క్షణం అక్కడ ఆగిపోతేనా?

యజమాని కూజాని లాక్కుని అటూ ఇటూ తిప్పి, "ఇదీ! ఇదీ నాక్కావలసింది!" అన్నాడు. అద్దాల పెట్టెలోంచి పాత శాంపిల్‌ని తీసి పారేసి ఇది పెట్టారు. కొలబద్ద దాని మెడనీ, పొట్టనీ, ఆ నొక్కునీ స్కేలు పెట్టి కొలిచాడు. "ఇక ఇదే శాంపిల్. వెంట్రుకవాసి తేడా రాకూడదు," అన్నాడు.

"నీ చేతికని చేశాను," అంది బంక ఆ సాయంత్రం ఇంటికి నడుస్తూ. "ఇప్పుడు లోకంలో అందరికీ నీ వంకరవేలేనా నాన్నా?" కోపంగా అనలేదు, నవ్వింది. ఇంటికి వెళ్ళగానే బకెట్‌లో మట్టి మళ్ళీ నానబెట్టింది. తల్లి ఇల్లు బురదవుతుందని తిట్టడం మొదలుపెట్టి, మధ్యలో కళ్ళొత్తుకుంది. ఇక ఈ పిల్ల చేతులకి ఏ దెబ్బా తగలనివ్వనని సుత్తిబాబాయ్ మనసులో ఒట్టు పెట్టుకున్నాడు.

అక్కడే వచ్చింది తంటా. నిద్రలేచిన చేతులు చెప్పిన మాట వింటాయా? తక్కినవాళ్ళు ఆ శాంపిల్‌ని చూసి అచ్చు గుద్దినట్టు చేసేశారు. బంక చేసిన కూజాలు మాత్రం ఒక్కటీ దానిలా లేవు. ఒకటి ఎడమకి తిరిగింది, ఒకటి తల దించుకుంది, ఒకటి ఎవరితోనో గుసగుసలాడుతున్నట్టు వంగింది. పొద్దున గంట మోగింది. అందరూ గుండ్రంగా నిలబడ్డారు. ఆ వేళ దిమ్మె దగ్గరికి రమ్మన్నది బంకని ఒక్కదాన్నే.

"నీ కూజా నీకే చేతకాదా?" అన్నాడు కొలబద్ద.

బంకకి నవ్వు ఆగలేదు. "నాది కాబట్టే సార్. నాకు ఒకసారి వచ్చింది మళ్ళీ రాదు." అది విని పక్కనున్న ఒకావిడ నవ్వింది. ఆవిణ్ణి చూసి ఇంకొకరు నవ్వారు. ఆ పెరట్లో అంతమంది ఒకేసారి నవ్వడం ఎప్పుడూ లేదు. కొలబద్ద నుదుటి కట్టు కింద నరం ఉబ్బింది. ఏళ్ళ తరబడి తను కట్టిన గోడ పిల్లకాకి నవ్వుకి కూలిపోతోందని ఆయనకి అర్థమైంది.

"తప్పు కూజాలో లేదు," అన్నాడు. "వేళ్ళలో ఉంది. దిమ్మె మీద పెట్టు చేతులు."

ఎప్పటి స్కేలు దెబ్బే కదా అనుకుని బంక రెండు చేతులూ పక్కపక్కన బోర్లించి పెట్టింది. కొలబద్ద స్కేలు చంకలో పెట్టుకుని, తల తిప్పకుండానే చెయ్యి చాచాడు.

"సుత్తి."

ఇంతకాలం ఆ గొంతు ఏది అడిగితే అది ఇచ్చిన చెయ్యి. మనసు అందుకునేలోపే చెయ్యి ఇచ్చేసింది. పిడి వైపు తిప్పి, మర్యాదగా ఇచ్చింది.

కొలబద్దకి సుత్తి పట్టడం చేతకాదు. మొదటి దెబ్బకి బంక కుడిచేతి వేళ్ళు ఎండుపుల్లల్లా పటపటమన్నాయి. ఆ పిల్ల కెవ్వున అరిచి లాక్కోబోతే మణికట్టు తొక్కిపట్టి ఎడమచేతి మీద ఇంకో దెబ్బ వేశాడు, అది జారితే మళ్ళీ వేశాడు. దిమ్మె మీద నెత్తురు పారింది. గుండ్రంగా నిలబడ్డవాళ్ళు గుండ్రంగానే నిలబడ్డారు. ఆయాసపడుతూ కొలబద్ద సుత్తిని వెనక్కి చాచాడు, పని అయ్యాక సామాను దాని మనిషికి అప్పగించినట్టు.

సుత్తిబాబాయ్ అందుకున్నాడు. రెండో చేత్తో ఆ చాచిన చెయ్యి మణికట్టు కూడా అందుకున్నాడు. వంకర చిటికెనవేలు సందులో అది దొరికిందంటే ఇక వదలదు. ఈడ్చి, కూతురి నెత్తుటి మీదే, దిమ్మె మీద పరిచి పెట్టాడు.

"ఏయ్! ఏం చేస్తున్నావ్? నేను..."

ఒక్క దెబ్బ. రెండోది అక్కర్లేకపోయింది. కొలబద్ద నోరు తెరిచాడు గానీ అరుపు ముందు రాలేదు. వచ్చాక ఆగలేదు. ఎముక తెల్లగా బయటికి కనపడింది. సుత్తిబాబాయ్ సుత్తిని బావిలో పారేసినట్టు అవతలికి విసిరేశాడు.

అప్పుడు వెనక ఎక్కడో ఒకరు చప్పట్లు కొట్టారు. పాపం, కావాలని కాదు. దిమ్మె మీద దెబ్బ పడింది, చేతులు కలిశాయి, అంతే. పక్కవాళ్ళు అందుకున్నారు. ఆ పక్కవాళ్ళు కూడా. ఆ రోజు కొత్త శాంపిల్ చూపించమన్న పెద్దాయన ఏడుస్తూ కొట్టాడు. చూస్తుండగానే అందరూ కొట్టేస్తున్నారు, ఎలా ఆపాలో ఎవరికీ తెలియడం లేదు.

సుత్తిబాబాయ్ మోకాళ్ళ మీద కూలబడి కూతురి ముందుకి పాక్కుంటూ వెళ్ళాడు. బంక నుజ్జయిన చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ముట్టుకోబోతే వెనక్కి జరిగింది. పెదవులు కదిపి ఏదో అంది. అంత చప్పుడులోనూ ఆయనకి ప్రతి అక్షరం వినపడింది.

"ఆయనకి సుత్తి ఎందుకిచ్చావు నాన్నా?"